నోరు మూసుకున్న మోకాలు

చలికాలం వస్తే చైనా తీరాన మా చౌషాన్ దీవిలో తెల్లారేది పాముల్లాంటి మలుగు చేపల వాసనతోనే. వీపు వెంట చీల్చి, నీళ్ళు తగలనివ్వకుండా గుడ్డతో తుడిచి, వెదురు పుల్లలతో విప్పి డాబాల మీద వేలాడదీస్తారు. పొడిగా కొట్టే వాయవ్య గాలి ఉండాలి. తడిగాలికి ఆరేస్తే కుళ్ళి చస్తాయి. అందుకే కత్తి పట్టేముందు అందరూ లాన్‌ఫెన్ గుమ్మానికొచ్చి రేపు గాలెటని ఆమె కుడి మోకాలిని అడిగేవాళ్ళు.

"రేపు తూర్పు గాలి, తడి. ముట్టుకోకండి," అనేది మోకాలు, గచ్చు మీద రాయి ఈడ్చినట్టుండే గొంతుతో.

విని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మోకాలున్న మనిషి తిన్నదా, పడుకున్నదా అని ఒక్కరు అడిగితే ఒట్టు. వయసంతా డాబా మీద చేప ఆరేసిన మనిషి, కీలు అరిగిపోయి, మెట్లెక్కలేక కింద ముక్కాలి పీటకి అతుక్కుపోయింది.

నగరం ఆసుపత్రి నుంచి డాక్టర్ తాంగ్ కొత్త సూదిమందు పట్టుకుని వచ్చింది.

"కంటికి ఆనని గుళికలు పిన్నీ. చుట్టూ నీటి పొర కప్పుకుని కీలులో జారుడుగా దొర్లుతాయి. వాపు తగిలినచోట విచ్చుకుని మందు వదుల్తాయి. ఇంకా పరీక్షలోనే ఉంది. వారానికొకటి, మూడు సూదులు. సగం మందికి ఈ మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికేదో నాకూ తెలీదు, మీకూ తెలీకూడదు."

"నా మోకాలికి తెలుస్తుందిగా."

డాక్టర్ మోకాలి వంక చూసింది. "అది బయటపెట్టిందంటే మీ పేరు కొట్టేస్తారు. రెండో సూది ఉండదు."

పక్కింటి సూచిన్ లబలబలాడింది. "అది మాట్లాడకపోతే మా చేపల గతేంటి వదినా?"

"నీ చేపలకి నా కాలు తాకట్టు పెట్టానా? ఆకాశం నీ నెత్తిమీద లేదూ?"

సూది దిగింది. మోకాలు గొంతు సవరించుకుంది. "ఇదీ..."

లాన్‌ఫెన్ అరచేత్తో ఒక్కటిచ్చింది. "ఇంకొక్క మాటన్నావో, కుంటుకుంటూ పోయి సముద్రంలో దూకుతా. నువ్వూ నాతోనే వస్తావు."

మోకాలు మొదటిసారి మాట మింగింది. రెండో సూదికీ పలకలేదు, మూడోదానికీ పలకలేదు. గుమ్మానికొచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయారు. సూచిన్ తొందరపడి తడిగాలికి ఆరేసి, బుట్టెడు చేపలు పారబోసుకుంది.

ఓ పొద్దున లాన్‌ఫెన్ పీట మీంచి లేచింది. చీల్చిన మలుగుల్ని భుజాన వేసుకుని మెట్లెక్కింది. కీలు కిర్రుమనలేదు. డాబా మీద చెంప గాలికిచ్చి నిలబడింది. చెవి తమ్మెలు కొరికే పొడి చలి. మొదటి చేప తగిలించింది.

కింద సందులోంచి సూచిన్ మెడ పైకెత్తింది. "వదినా! మోకాలేమంది?"

"దాన్నేంటే అడిగేది? నన్నడుగు."

"గాలెటుంది వదినా?"

"వాయవ్యం. తెచ్చుకో."