సలహాల బావ చెప్పిన ఉపాయం

అడక్కుండానే సలహా ఇచ్చే మనుషుల్ని దేవుడు ఇంటికొకణ్ణి చొప్పున పంచిపెట్టాడు. పెట్టెల వదిన ఇంటికి దక్కిన వాటా ఆమె ఆడపడుచు మొగుడు. ఎప్పుడో ఒక లాయరు దగ్గర నాలుగు రోజులు ఫైళ్ళు మోశాడు, అప్పట్నుంచి చట్టమంతా తన జేబులోనే ఉందన్నట్టు తిరుగుతాడు. వ్యాపారాలు దెబ్బతిన్న ఈ రోజుల్లో ఆయనకి గిరాకీ ఇంకా పెరిగింది. ఏ కొట్టు గడప తొక్కినా ఓ టీ తాగి, ఓ సలహా పారేసి వెళ్తాడు. వీధిలో అందరికీ ఆయన సలహాల బావ.

వదిన, ఆమె మొగుడు కలిసి అట్టపెట్టెలు చేసే షెడ్డు నడుపుతున్నారు. కలిసి అంటే, అట్ట కోసేది ఆవిడ, మడతలకు గీతలు వేసేది ఆవిడ, అంచులకు పిన్నులు కొట్టేది ఆవిడ, ఇద్దరు పనివాళ్ళను అదిలించేది కూడా ఆవిడే. బేరాలు, వసూళ్ళు, తెల్లచొక్కా ఆయనవి. రోజులు బాగున్నంతకాలం ఇందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ కనిపించలేదు.

సగం పెట్టెలు కొనే చెప్పుల కంపెనీ ఒక పొద్దున గేటుకు తాళం వేసేసింది. అట్ట ధర చూస్తే ఆకాశంలో ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, కాగితం వ్యాపారి పాత బాకీ అడగడం మొదలుపెట్టాడు. మొగుడు ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. వీధి మొదట్లో ఆయన బండి కనిపిస్తే చాలు, వెనక తలుపులోంచి మాయం.

అప్పుడు ఊడిపడ్డాడు సలహాల బావ. షెడ్డూ మిషన్లూ అన్నీ పెళ్ళాం పేర రాసెయ్యమన్నాడు. నీ పేర చిల్లిగవ్వ లేకపోతే అప్పులవాడు నీ దగ్గర ఏం పీక్కుంటాడని నవ్వాడు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ఇంటి అల్లుడు నోరు తెరిస్తే ఎదురుమాట ఉండదు. భోజనాల దగ్గరా అంతే, బాకీల దగ్గరా అంతే. వదిన జిగురు చేతులు తుడుచుకుని, ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసింది. చదవలేదు. చదువు రాక కాదు, అల్లుడిగారి ముందు కాగితం పట్టుకుని చదివితే ఆయన్ని అనుమానించినట్టుంటుందని. పైగా షెడ్డు బోర్డు మీద తన పేరు చూసి లోలోపల మురిసిపోయింది కూడా. తర్వాత ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండేది.

కొన్ని నెలలు గడిచాక ఒక సాయంత్రం భోజనం దగ్గర మొగుడు చావు కబురు చల్లగా చెప్పాడు. శనివారం లారీ వస్తుంది, మిషన్లు అమ్మేశాం, బావకు తెలిసినవాళ్ళే కొంటున్నారు, నువ్వొక సంతకం చెయ్యాలి అన్నాడు. ధర అడిగింది. పాత ఇనుము కొనేవాడు కూడా అంతకన్నా ఎక్కువే ఇస్తాడు. ఆ డబ్బుతో బావా తనూ కలిసి వేరే ఏదో మొదలుపెడతారట.

"మరి కాగితం వ్యాపారి?" అంది.

"ఈ మధ్య అరువు తెచ్చిన సరుకంతా నీ పేర్నే ఉందిగా. కేసు వేస్తే నీ మీదే వేస్తాడు. ఆడమనిషివి, నిన్నేం చేస్తారు? నాలుగుసార్లు కోర్టుకెళ్ళొస్తే సరిపోతుందన్నాడు బావ." కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

వదిన అరవలేదు. అరిస్తే పోయే కోపం కాదది. దెబ్బ తప్పించుకోవడానికి తనను ముందుకు తోసి, వెనక నిలబడి లెక్కలు వేసుకుంటున్నారు ఇద్దరు మగవాళ్ళు. అందులో ఒకడు తను కట్టుకున్నవాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బజారులో మేడమీద ఉన్న లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. లాయరమ్మ ముందు ఆమెకే నాలుగు చీవాట్లు పెట్టింది, సంతకం చేసేటప్పుడు కళ్ళెక్కడ పెట్టుకున్నావని. తర్వాత విడమరిచి చెప్పింది. పాత అప్పు ఎగ్గొట్టడానికి చేసిన పేరు మార్పిడి కోర్టులో నిలవదు, అప్పులవాడు అడిగితే రద్దయిపోతుంది. కొత్త అప్పు మాత్రం నికరంగా నీదే. మిషన్లు అమ్ముకుంటే అప్పు ఉంటుంది, తీర్చే దారి పోతుంది. దాక్కున్నవాడి మీద కేసు వేస్తారు, ఎదురొచ్చి కూర్చున్నవాడితో బేరమాడతారు. ఇంత ఇవ్వగలనని నిజం చెప్పు, ఒప్పుకుంటే రాయించు, ఈసారైనా చదివి సంతకం చెయ్యి.

"నీ సంతకం లేకుండా ఆ షెడ్డులోంచి మేకు కూడా బయటికి పోకూడదు," అని లేచింది.

ఫీజు తీసుకుంది. ఉచిత సలహాకు తను కడుతున్న ధర ముందు ఇదెంత అనుకుంది వదిన.

శనివారం లారీ వచ్చింది. దాని వెనకే బావామరుదులు నవ్వుకుంటూ షెడ్డులోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల స్టూలు మీద కాగితం వ్యాపారి కూర్చుని ఉన్నాడు. వదినే వెళ్ళి పిలుచుకొచ్చింది. వచ్చినాయన గంటసేపు తిట్టాడు, ఆమె తలవంచుకుని విన్నది, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. మందుల కంపెనీ నుంచి ఆ వారమే వచ్చిన కొత్త ఆర్డరు చూపించింది. వారం వారం ఇంత కట్టేట్టు, కొత్త అట్ట రొక్కానికే ఇచ్చేట్టు ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ కాగితం ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది.

"చెల్లెమ్మా, ఇవన్నీ మేం చూసుకుంటాం. ఆ సంతకం పడేసి నువ్వింటికెళ్ళు," అన్నాడు సలహాల బావ.

"అప్పు నాదీ, మిషన్లు మీవీనా అన్నయ్యగారూ? లారీని పంపించెయ్యండి."

"చట్టం నీకేం తెలుసు?"

"తెలీదు. అందుకే తెలిసినవాళ్ళని అడిగాను. మీ ఉపాయం కోర్టులో ఏమవుతుందో చెప్పారు. ఇక్కడ కూర్చున్న ఈయనక్కూడా చెప్పేశాను."

కాగితం వ్యాపారి తలెత్తి, "ఆ ఉపాయం మీదేనా?" అని మెల్లగా అడిగాడు.

సలహాల బావకు ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చింది. లారీ ఖాళీగా పోయింది. కాసేపటికి కాగితం వ్యాపారి కూడా వెళ్ళాడు. మొగుడొక్కడే మిగిలాడు, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ. అందరి ముందూ పరువు తీశావన్నాడు. బావ ముందు తలెత్తుకోలేనన్నాడు. చివరికి, మరి నా సంగతేంటని అడిగాడు.

"ఆర్డరు పెద్దది. కోత మిషన్ దగ్గర ఇంకో మనిషి కావాలి. సోమవారం నుంచి రండి. వారం వారం కూలి ఇస్తాను," అంది వదిన.

"నేనా? కూలికా?"

ఆమె చేతిలో ఉన్న అట్టను బల్ల మీద పెట్టింది.

"పదిహేనేళ్ళు ఆ మిషన్ దగ్గర నేను నిలబడ్డాను. నాకు మీరు ఆ కూలి కూడా ఇవ్వలేదు."