ఎర్రతాడు లాగిన చెల్లి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, వేడి ఇస్త్రీ రోలర్‌కు గుడ్డలు అందిస్తూ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. కొత్త సూపర్‌వైజరుకు నత్త అని పేరు పెట్టింది ఆవిడే. ఆయన రోజూ పొద్దున్నే అందరినీ అయిదు నిమిషాలు నిలబెట్టి, "నిన్న పనిలో ఎక్కడైనా భయం వేసిందా?" అని అడిగేవాడు.

"ఈయన నడకన నడిస్తే తడిగుడ్డలు వాటంతట అవే ఆరిపోతాయి" అని పెద్దక్క అందరినీ నవ్వించేది.

రోలర్‌కు అవతల మడతలు పెట్టడానికి ఇద్దరు పిల్లల తల్లి ఒకామె కొత్తగా చేరింది. నాలుగో రోజే ఏదో చప్పుడు విని, యంత్రాన్ని ఆపడానికి అటువైపు వేలాడే ఎర్రతాడు లాగేసింది. వెతికితే ఏమీ లేదు. పని అరగంట ఆగింది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

నత్త వచ్చాడు. "అనుమానం రాగానే ఆపారు, మంచి పని చేశారమ్మా. ఇంకోసారి వచ్చినా ఇలాగే ఆపండి."

పెద్దక్క మూతి ముడుచుకుంది.

రెండు వారాల తర్వాత ఓ మధ్యాహ్నం పెద్దక్క పనికోటు చేతి గుండీ దుప్పటి చిరుగులో చిక్కుకుంది. దుప్పటితో పాటు చెయ్యీ రోలర్ కిందికి పోతోంది. ముందున్న అడ్డుకడ్డీకి చెయ్యి తగిలితే యంత్రం ఆగాలి. ఆగలేదు. మాటిమాటికీ ఆగి విసిగిస్తోందని, దాన్ని గుడ్డపేలికతో పైకి కట్టేసింది తనే. రెండో చేత్తో దుప్పటిని వెనక్కి గుంజింది, రాలేదు. వేళ్లకు వేడి తగిలింది.

అంతలో రోలర్ ఆగింది. అవతల ఆ మడతలామె రెండు చేతులతో తాడు పట్టుకుని వేలాడుతోంది.

రెండు వేలికొసలు ఎర్రబడ్డాయి, అంతే. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని పెద్దక్క అడిగింది. "నేను అరవను కూడా లేదు. నీకెలా తెలిసింది చెల్లీ?"

"దుప్పటి వంకరగా వచ్చిందక్కా. ఎందుకైనా మంచిదని లాగేశాను. ఆరోజు సారు తిట్టుంటే ఇవాళ కాస్త ఆలోచించేదాన్నేమో."

ఆ కాస్తలో ఏమయ్యేదో పెద్దక్కకు తెలుసు. కళ్లనీళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున నత్త అడగకముందే పెద్దక్క నోరు విప్పింది. "ఆ కడ్డీ కట్టేసింది నేనే సార్." ఉద్యోగం ఊడుతుందనే అనుకుంది.

"ఎందుకు కట్టారక్కా?"

"మందపాటి దుప్పటి తగిలినా ఆగిపోతుంది. రోజుకు ముప్పైసార్లు."

"ఇన్నాళ్లూ అది కనుక్కోకపోవడం మా తప్పు. చెప్పి మేలు చేశారు" అన్నాడు. రోలర్ ఆపించి, మెకానిక్‌ను పిలిపించి, పెద్దక్కను పక్కన నిలబెట్టుకుని, దుప్పటికి కాక చేతికే ఆగేలా కడ్డీని సరిచేయించాడు.

ఆ సాయంత్రం పెద్దక్క మడతలామె ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన అత్తగారు కంగారుపడింది. "మా కోడలు ఏం తప్పు చేసిందమ్మా?"

"తప్పు కాదు వదినా. నా చెయ్యి నాకు మిగిల్చింది. దాని కడుపు చల్లగుండ."

అత్తగారు పక్కకు తప్పుకుని దారిచ్చింది. "లోపలికొచ్చి కూర్చో. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. అది ఇంట్లో ఏమీ చెప్పదు."