తిరిగి రాని కేక

నేను ఒక కేకలేసే యంత్రాన్ని. నాకు నోరు లేదు. రెండు స్తంభాల మధ్య కట్టిన తీగలే నా గొంతు. పావుగంటకోసారి ఆకాశంలోకి రేడియో కేక వేస్తాను. అది పైనున్న విద్యుత్ పొరలకు తగిలి తిరిగొస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఆ పొరలు ఎంత ఎత్తున ఉన్నాయో మనుషులు లెక్కగడతారు. నిచ్చెన అందని చోటును కొలవడానికి వాళ్ళు పన్నిన ఉపాయం నేను.

ముగ్గురు ఇంజనీర్లు నాలుగేళ్ళు కూర్చి, సముద్రం పక్కన జీడితోటల్లోని ఒక కేంద్రంలో నన్ను నిలబెట్టారు. ఎందరి చేతులో మారి హైమవతి చేతికొచ్చాను. ఆమెది కొత్త ఉద్యోగం. శనివారంతో పరీక్షాకాలం ముగుస్తుంది. "ఇంకొక్కసారి ఇది మొరాయిస్తే దీన్ని తుక్కులో వేయిస్తాను, నిన్ను ఇంటికి పంపిస్తాను" అని అధికారి పేరిశాస్త్రి గారు చెప్పి వెళ్ళారు. మమ్మల్నిద్దరినీ ఒక్క మాటతోనే బెదిరించారు.

గురువారం పొద్దున ఆమె నా మూత తీసి దుమ్ము తుడిచింది. అడక్కుండా మూత తీయకూడదు. పదకొండుంబావుకు కేక వేశాను. ఏదీ తిరిగి రాలేదు. పదకొండున్నరకూ రాలేదు. తిరిగొచ్చిన కేకను చూపే గీత నా తెర మీద లేదు. నా లోపల ఏదో తెగిందనుకున్నాను. తన గుడ్డ తగిలే తెగిందని ఆమె అనుకుంది.

రిజిస్టరులో నిన్నటి ఎత్తులున్నాయి. వాటినే దింపేస్తే ఎవరికీ తెలియదు. ఆమె కలం గడి మీదికి వెళ్ళింది. అంతలో కాపలా అప్పలకొండ తన రేడియో పట్టుకొని వచ్చాడు.

"అమ్మా, ఓపాలి దీన్ని సూడండి. పొద్దుట సిలోను పాటలు బాగానే ఒచ్చేయి. ఇప్పుడు మాటా నేదు, పాటా నేదు."

ఆమె కలం ఆగింది. ఆ పాటలు కూడా అవే పొరలకు తగిలి ఇక్కడికొస్తాయి. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే, కింద ఇంకో పొర దట్టమై కేకలన్నిటినీ మింగేస్తుందని ఆమె చదివింది. చదవడమే గాని ఎప్పుడూ చూడలేదు. ఇది అదేనో కాదో తెలియదు. అయినా గడి ఖాళీగా వదిలి, పక్కన "ప్రతిధ్వని లేదు" అని రాసింది. మూత తీసిన సంగతీ రాసి సంతకం చేసింది.

తరువాత మూడుసార్లు అరిచాను. ప్రతిసారీ ఇదే ఆఖరనుకున్నాను. పన్నెండున్నరకు తెర మీద సన్నటి గీత మెరిసింది.

"ఉన్నావా" అంది ఆమె. నన్నో, ఆకాశాన్నో.

సాయంత్రానికి మిగతా కేంద్రాల నుంచీ అదే కబురు వచ్చింది. పేరిశాస్త్రి గారు మూత గురించి గట్టిగా తిట్టారు. ఖాళీ గడులున్న పేజీ కింద మాత్రం సంతకం పెట్టారు. సోమవారం కూడా హైమవతి పనికి వచ్చింది.

ఇప్పుడు నేను ఒక కళాశాలలో గాజు తలుపు వెనక ఉన్నాను. తీగలు తీసేశారు. అయినా పావుగంట కాగానే ఉలిక్కిపడతాను, జవాబు రాదేమోనని. నేను కొలిచిన వేల ఎత్తుల్లో ఒక్కటీ నా పక్కన పెట్టలేదు. ఐదు ఖాళీ గడులున్న ఆ పేజీ మాత్రం పెట్టారు.