రిపేరుకు వెళ్ళిన మిషన్లు

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆ షాపులో ఆరు మిషన్లు ఒక్కసారి కదిలితే మాట వినపడేది కాదు. ఆ ఉదయం మాత్రం గుసగుసలు కూడా వినపడుతున్నాయి. రెండు బల్లలు బోసిగా ఉన్నాయి. వాటి మీది మిషన్లు రిపేరుకు వెళ్ళాయని కటింగ్ మాస్టరు ఫోన్లో చెప్పాడు. ఆయన భార్య, షాపులో అందరికీ అక్క, ఆ మాట నమ్మింది. నమ్మకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు మరి.

ఆయన కత్తిరిస్తే ఆమె కుట్టి, ఒక్క మిషనుతో మొదలుపెట్టి కూడబెట్టిన షాపు అది. విడాకుల కేసు పడ్డాక ఆయన వేరే గది తీసుకున్నాడు. షాపు తాళంచెవి మాత్రం ఇద్దరి దగ్గరా ఉంది.

"నా కత్తెర ఆ సొరుగులో పడేశానేమో చూడమ్మాయ్" అంది కాజాల పిన్ని. చేత్తో కాజాలు కుట్టడం తప్ప మిషను జోలికి పోని మనిషి ఆవిడ.

బోసి బల్ల సొరుగు లాగిన అక్క కత్తెర సంగతే మరిచిపోయింది. రిపేరుకు పంపేటప్పుడు మిషను అడుగున కింది దారం ఉండే బాబిన్ కేసు తీసి సొరుగులో ఉంచడం ఆ షాపు పద్ధతి. మెకానిక్ దగ్గర ఒకదాని కేసు ఇంకోదానికి మారితే కుట్టు చెడుతుందని మాస్టరే పెట్టిన నియమం. సొరుగులో కేసు లేదు. రెండో బల్ల సొరుగులోనూ లేదు.

"ఇవి రిపేరుకు వెళ్ళలేదు పిన్నీ. కేసులతో సహా అమ్మేశారు."

"ఊరుకో. రేపు తీర్పు వస్తే నీ వాటా నీకు రాకుండా పోతుందా?"

మనలో చాలామంది పిన్నిలాగే అనుకుంటాం. తీర్పు వచ్చేసరికి వాటా వేయడానికి వస్తువంటూ ఉండాలి కదా అన్నది మాత్రం మనకు తట్టదు.

అక్క ఉండబట్టలేక ఫోన్ చేసింది. "మిషన్లు ఎప్పుడొస్తాయండీ?"

"పార్టు దొరకలేదట. నీకెందుకంత కంగారు?"

"బాబిన్ కేసులు కూడా పార్టు కోసమే వెళ్ళాయా?"

ఫోన్ పెట్టేశాడు. తనకు తెలిసిపోయిందని తానే చెప్పేసినట్టయింది. ఇక మిగిలినవీ ఆగవు. వెంటనే చెల్లెలికి కబురు పెట్టి, రెండు మంచి మిషన్లు ఆటోలో దాని ఇంటికి పంపేసింది. ఆ తర్వాత లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

లాయరమ్మ అంతా విని, "కేసు తేలేదాకా ఆస్తి అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మధ్యంతర ఉత్తర్వు అడుగుదాం. ఇది మొదట్లోనే అడగాల్సింది" అంది. తర్వాత, "ఇప్పుడు షాపులో ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది.

"రెండు."

"ఆరులో రెండు పోతే రెండా?"

అక్క తలవంచుకుని చెల్లెలి ఇంటి సంగతి చెప్పింది. చెబుతూ ఉండగానే ఇంకో సంగతి తట్టింది. ఆ మిషన్లతో బాబిన్ కేసులు కూడా పంపేసింది. ఇప్పుడు ఆయన వచ్చి సొరుగు లాగితే ఆయనకూ అదే ఖాళీ కనిపిస్తుంది.

"తెచ్చి ఉన్నచోట పెట్టండి. అన్నిటికీ ఫోటోలు తీయండి" అంది లాయరమ్మ.

"ఆయన ఎత్తుకుపోతే మేడమ్?"

"ఆ భయం నాకూ ఉంది. కానీ మీరు దాచినవి దాచి, ఆయన్ని ఆపమని కోర్టును ఎలా అడుగుతాం?"

సాయంత్రానికల్లా మిషన్లు తిరిగొచ్చాయి. వీధిలో ఏ బండి ఆగినా అక్క గుమ్మంలోకి పరుగెత్తేది.

మర్నాడు జడ్జిగారు ఇద్దరి లాయర్ల మాటా విని ఉత్తర్వు ఇచ్చారు. అది టైపవుతుండగా అక్క కోర్టు వరండాలో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అప్పుడే పిన్ని ఫోన్.

"అమ్మాయ్, మాస్టరు వ్యాను తెచ్చాడు."

నకలు చేతికందగానే అక్క ఆటో ఎక్కింది.

షాపులో ఒక మిషను బల్ల మీంచి ఊడి ఉంది. దాని బాబిన్ కేసు మాస్టరు గుప్పిట్లో ఉంది. ఇంకో మిషను ముందు పిన్ని కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చొక్కా కుడుతోంది. కుట్టు అష్టవంకర్లు పోతోంది.

"లే పిన్నీ" అంటున్నాడాయన.

"ఈ చొక్కా ఒక్కటీ కానీ నాయనా" అంటోంది ఆవిడ. వ్యాను వచ్చినప్పటినుంచీ ఆ చొక్కా అవుతూనే ఉందట.

అక్క కాగితం అందించింది. ఆయన చదివి, "నన్ను దొంగను చేశావు" అన్నాడు.

"ఇద్దరూ కదపకూడదని ఉంది, చూడండి. నేనూ కదిపాను, మళ్ళీ తెచ్చి పెట్టాను. పని ఆపొద్దన్నారు. మీరు అమ్మిన ఆ రెండు మిషన్లకూ లెక్క చెప్పాలన్నారు."

ఆయన గుప్పిట విప్పి బాబిన్ కేసు సొరుగులో పెట్టి, ఖాళీ వ్యాను వెంట వెళ్ళిపోయాడు. అక్కకు ఏడుపొచ్చింది. గెలిచానని అనిపించలేదు, ఊపిరి మాత్రం ఆడింది.

"తీర్పుదాకా ఆగమన్నాను కదే. నా మాట వినక మంచిపని చేశావు" అంది పిన్ని.

"కోర్టుకు వెళ్ళడమంటే ఆయన మీద పగ తీర్చుకోవడమని ఇన్నాళ్ళూ జంకాను పిన్నీ" అంది అక్క, ఆ వంకర చొక్కా కుట్లు విప్పడానికి కూర్చుంటూ. "విడిపోయేవాళ్ళ మధ్య నమ్మకం ఎలాగూ మిగలదు. పంచుకోవాల్సిందైనా మిగలాలంటే, అది పోకముందే వెళ్ళి అడగాలి."