పేరు లేని తెల్ల టోపీ

నేను ఒక ఈత టోపీని. రబ్బరుతో చేశారు. తెల్లగా, సాదాగా ఉంటాను. నాతోపాటు అచ్చులోంచి ఊడిపడ్డవాళ్లలో చాలామందిని పేర్లు, బొమ్మలు అద్దే గదిలోకి తీసుకుపోయారు. నన్ను మాత్రం ఉత్తదానిగానే సంచిలో వేశారు. నా కుళ్లు అప్పుడే మొదలైంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, నన్ను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

కాకినాడలో ఆటసామాన్ల కొట్లో మాణిక్యం నన్ను కొనుక్కుంది. గ్యాస్ ఏజెన్సీలో పనిచేసే మనిషి. నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే ఊళ్లోని కొలనుకు వెళ్లింది. నొప్పి పోయింది గానీ ఈత మానలేదు. నన్ను పెట్టుకునే ముందు తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించేది. కొలను నీళ్లలో కలిపే మందుకు జుట్టు పాడవకుండా ఉంటుందట. ఆ జిడ్డుకు నేను జారిపోతానన్న ఆలోచన ఆవిడకు ఎప్పుడూ రాలేదు. అయినా ఆ తల నాది. దాన్ని గట్టిగా పట్టుకుని ఉండటమే నా బతుకనుకున్నాను.

ఆవిడకు ఇష్టమైనది వెల్లకిల ఈత. అందులో వెనకున్న గోడ కనబడదు. మా కొలను మీద రేకుల షెడ్డు ఉంది, అందులో ఒక రేకు తుప్పుపట్టి చిల్లుపడింది. ఆ చిల్లు కళ్లమీదికి వచ్చిందంటే గోడ దగ్గరపడినట్టే. ఆ చిల్లును నమ్ముకునే మాణిక్యం ఈత నేర్చింది.

ముప్పై దాటినవాళ్లకు ఈత పోటీలు ఉంటాయని తెలిసి, ఒంటరిగా విజయవాడ బయలుదేరింది. అక్కడికి ఆ చిల్లు రాదు కదా. గోడకు కాస్త ముందు నీళ్లపైన గుర్తుగా జెండాల తోరణం కట్టారు గానీ, అది దాటాక ఎన్ని బారలు వెయ్యాలో అలవాటున్నవాళ్లకే తెలుస్తుంది. జట్లవాళ్లకు ఆ బెంగే లేదు. వాళ్ల మనిషి ఒకరు ఒడ్డున నిలబడి "గోడ" అని కేక వేస్తారు. మైకులో ఒక్కొక్కరి పేరు, జట్టు పేరు చదువుతున్నారు. మా వంతు వచ్చేసరికి ఆ గొంతు తడబడి, "మాణిక్యం... జట్టేమీ లేదు" అంది. ఆ మాట అనకపోతే ఎవరి సొమ్ము పోయేదో నాకు తెలియదు.

ఆ రోజు ఆవిడ తల గోడకు కొట్టుకుంది. దెబ్బ ముందు నాకే తగిలింది. అందరికంటే వెనకపడ్డాం.

ఒడ్డున గౌతమి జట్టు ఆడవాళ్లు చాప పరుచుకుని పులిహోర తింటున్నారు. అందరి తలల మీదా చేపబొమ్మ ఉన్న నీలం టోపీలు. ఒకరి తువ్వాలు ఒకరు పట్టుకోవడం, ఒకరి వీపు ఒకరు తట్టడం. మాణిక్యం బిస్కట్ పొట్లం విప్పుకుని వాళ్లవైపే చూస్తూ కూర్చుంది. నేను ఆ నీలం టోపీలను చూశాను. కడుపు లేదు గానీ, ఉంటే భగ్గున మండేది. ఇద్దరం కలిసి హాయిగా కుళ్లుకున్నాం. నిజం చెప్పాలంటే, నా బతుకులో అంతటి స్నేహం మరొకటి లేదు.

మళ్లీ ఏడాది పోటీల్లో ఆవిడ వెల్లకిలా వెళుతూంటే నేను జిడ్డుకు జారి పైకెక్కాను. ఒక చెవి బయటపడింది. సరిగ్గా అప్పుడే ఒడ్డు మీంచి కేక వినబడింది.

"మాణిక్యం గారూ, గోడ."

ఆవిడ చెయ్యి చాచి గోడను తాకింది. మూడో స్థానం వచ్చింది. కేక వేసింది గౌతమి జట్టు పెద్ద, దమయంతి.

"నిరుడు మీ తల గోడకి తగిలిన చప్పుడు మా చాప దాకా వినబడిందండి. ఆ పూట నాకు అన్నం సయించలేదు," అందావిడ. "రండి, పులిహోర తిందురు గాని. నలుగురు తలో రకం ఈదే రిలేకి, వెల్లకిల ఈత మనిషి లేక మేం దిగడం లేదు."

"నేను ఎవరి జట్టూ కాదండి."

"అందుకేగా పిలుస్తున్నాను."

మాణిక్యం తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వుతో ఆవిడ కుళ్లు పోయింది. నాది నాలోనే మిగిలింది. ఆ చెవిని కప్పి ఉంచలేకపోయిన నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత నీలం టోపీ వచ్చింది. ఆవిడ వాళ్లందరికీ తలలో నాలుకైంది. నన్ను పారేసిందా అంటే, లేదు. పోటీలకు పులిహోర తీసుకెళ్లే డబ్బా మూత ఊడకుండా నన్ను దానికి తొడిగింది. తల మీద ఉండాల్సిన నేను ఇంగువ వాసన పీలుస్తూ, నీలం టోపీ నీళ్లలోకి దూకడం ఒడ్డునుంచి చూసేదాన్ని. అది ఒక్కసారైనా చిరగాలని మొక్కుకోని రోజు లేదు.

ఈసారి పోటీల్లో చిరిగింది ఇంకొకరి టోపీ. పాలకొల్లు నుంచి ఒంటరిగా వచ్చిన సరోజినిది. కాసేపట్లో ఆవిడ వెల్లకిల ఈత ఉంది. మాణిక్యం డబ్బాకున్న నన్ను ఊడదీసి, కుళాయి కింద కడిగి ఇచ్చింది.

"కొంచెం వాసనొస్తుందమ్మా, ఏమీ అనుకోకు."

మళ్లీ ఒక తల దొరికింది. నూనె లేని తల. ఇక జారే ప్రసక్తి లేదనుకున్నాను. మైకు "సరోజిని... జట్టేమీ లేదు" అంది. ఆ తల నీలం టోపీలవైపు తిరిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది. వాళ్లలో మాణిక్యం కూడా ఉంది. ఇప్పుడు మేమిద్దరం కలిసి మాణిక్యాన్ని చూసి కుళ్లుకోవచ్చు.

నీళ్లలో దిగాం. గోడ దగ్గరపడుతోంది. మాణిక్యం ఒడ్డు వెంట పరుగున రావడం చూశాను. ఏం చేస్తుందో తెలుసు. ఈసారి చెవులు మూసెయ్యాలి, తల గోడకు తగిలినా సరే, ఈ తల నాకే ఉండాలి. కిందికి దిగుదామని చూశాను. కానీ డబ్బా మీద ఉండి ఉండి సాగిపోయిన రబ్బరుకు బిగువెక్కడిది?

"సరోజినీ, గోడ."

చెయ్యి వెళ్లి గోడను మెత్తగా తాకింది. సరోజిని ఒగరుస్తూ, పిలిచింది ఎవరా అని తలెత్తి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఈ తల కూడా ఎక్కువ కాలం నాది కాదు.