గాలి కబురు

అక్కకి ఎనభై దాటాయి, చెల్లెలికి దాటబోతున్నాయి. అక్క బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. చెల్లెలు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసింది. మొగుళ్ళు పోయాక ఇద్దరూ కలిసి మూడో అంతస్తులో ఒక ఫ్లాటులో చేరారు. పొద్దున్నే ఏదో ఒకదానికి పోట్లాడుకోకపోతే ఇద్దరికీ కాఫీ దిగదు.

కొన్నేళ్ళ కిందట అక్కకి పెద్దపేగులో కాన్సర్ వచ్చింది. పొట్ట నిలువునా కోసి గడ్డ తీసేశారు. తేరుకుంది. ఆ కోత గురించి ఆవిడ చెప్పని మనిషి ఆ వీధిలో లేడు. ఇప్పుడు అదే జబ్బు చెల్లెలికి బయటపడింది.

"ఈ వయసులో మా అమ్మ ఆపరేషన్ తట్టుకుంటుందా?" అని చెల్లెలి కొడుకు డాక్టరమ్మని అడిగాడు.

"వయసొక్కటే చూడం బాబూ. ఆవిడ గుండే, ఊపిరితిత్తులూ బాగున్నాయి. కీహోల్ పద్ధతిలో చేద్దాం. పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ చేస్తాం. ముక్క బయటికి తియ్యడానికి మాత్రం ఒక చిన్న కోత పడుతుంది. నొప్పి తక్కువ, తొందరగా లేచి తిరుగుతారు. పెద్దవాళ్ళు మంచానికి అతుక్కుపోతేనే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది."

"అంత చిన్న రంధ్రాల్లోంచి జబ్బంతా వస్తుందా?" అంది అక్క అనుమానంగా.

"ఎలా చేసినా లోపల తీసేది అంతేనమ్మా. కాకపోతే ఈవిడకి చిన్నప్పుడు అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయింది కదా. దానివల్ల పేగులు అతుక్కుపోయి ఉంటే కోసే చెయ్యాలి. అది లోపలికి వెళ్తేగానీ తెలీదు."

చెల్లెలు ఆ చివరిమాట చెవిన పెట్టలేదు. ఇంటికొచ్చేదాకా ఒకటే సంబరం.

"నీకు కోటగుమ్మం తెరవాల్సొచ్చింది అక్కా. నాకు కిటికీ చాలట."

"ఫ్యాషను ఆపరేషన్లే మీవి," అని అక్క మూతి తిప్పుకుంది.

ఆపరేషన్ రోజు అనుకున్నదానికన్నా ఆలస్యమైంది. టోపీ తియ్యకుండానే డాక్టరమ్మ బయటికొచ్చింది.

"కీహోల్‌తోనే మొదలుపెట్టాం. పేగులు బంకపెట్టినట్టు అంటుకుపోయి ఉన్నాయి. మొండికి పోతే చిల్లు పడేది, అందుకని తెరిచి చేశాం. గడ్డ మొత్తం వచ్చేసింది. ఆవిడ బాగున్నారు."

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. అక్క మాత్రం లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నువ్వింటికెళ్ళి కాస్త నిద్రపో నాన్నా. ఇక్కడ నేను చూసుకుంటా."

మెలకువ వచ్చాక చెల్లెలు పొట్ట తడుముకుంది. చేతికి పొడుగాటి కట్టు తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కిటికీ అన్నారు కదే అక్కా."

"ఏడవకు, కుట్లు లాగుతాయి. అయినా నీది నాకన్నా ఓ అంగుళం చిన్నదే, చూశాను."

చెల్లెలికి నవ్వొచ్చింది, వెంటనే నొప్పీ వచ్చింది. అక్క ఓ దిండు మడిచి ఆమె పొట్టకి ఆనించింది. దగ్గొచ్చినా నవ్వొచ్చినా దీన్ని గట్టిగా అదుముకోవాలంది. లేచేటప్పుడు ముందు పక్కకి ఒత్తిగిలి, చేత్తో ఊతం పట్టి లేవాలని చూపించింది. ఇదంతా ఒకప్పుడు ఆవిడ పళ్ళు బిగబట్టి నేర్చుకున్నదే. ఆ వారమంతా చెల్లెలు అక్కతో ఒక్క పోట్లాటకీ దిగలేదు.

మర్నాటినుంచే ఆస్పత్రి వరండాలో అక్క నడిపించడం మొదలుపెట్టింది. "తల పైకి. ఎడమ, కుడి. నేల చూపులెందుకే, పైసలేమన్నా పడిపోయాయా?" ఆ గొంతు విని పక్క గదుల్లోంచి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే సెలైన్ స్టాండ్లు తోసుకుంటూ వచ్చి వరసలో కలిశారు. నర్సులు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

డాక్టరమ్మ రోజూ ఒకటే అడిగేది, "గాలి పోయిందా అమ్మా?" పేగు మళ్ళీ కదిలిందనడానికి అదే గుర్తు. అప్పటిదాకా నీళ్ళూ రసాలే. ఫోన్లో ఊరందరితో గలగలా మాట్లాడిన చెల్లెలు ఈ ప్రశ్నకి మాత్రం దుప్పటి ముఖంమీదికి లాక్కునేది.

ఓ పొద్దున వరస సగం దూరం వెళ్ళిందో లేదో, ఆ కబురు దానంతటదే వచ్చింది. మెల్లగా కూడా కాదు. వరండా అంతా వినపడింది.

నడక ఆగిపోయింది. చెల్లెలు గోడవైపు తిరిగింది. వెనకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అదృష్టవంతులమ్మా మీరు. నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నా."

ముందు అక్క నవ్వింది. తర్వాత వరసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చివరికి చెల్లెలు కూడా దిండు అదుముకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మధ్యాహ్నం ఆమెకి మెత్తటి భోజనం పెట్టారు. గిన్నె గీకి మరీ తింది.

కోత పెద్దది కాబట్టి కోలుకోవడం నిదానంగానే సాగింది. మెట్లెక్కితే చాలా రోజులు ఆయాసం వచ్చేది. కానీ తీసిన గడ్డని పరీక్ష చేసిన రిపోర్టు మంచిగా వచ్చింది. చుట్టుపక్కల గ్రంథులకి జబ్బు పాకలేదు, ఇక కాన్సర్ మందులు కూడా అక్కర్లేదంది డాక్టరమ్మ. అక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. బయటికొచ్చాక చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్లు దిగింది.

ఎదురుగా ఐస్‌క్రీం కొట్టు కనపడింది. నీడలో బెంచీమీద కూర్చుని ఇద్దరూ చెరొకటి తిన్నారు. తినడం అవగానే చెల్లెలు లేచి, ఇంకోటి తెచ్చుకోడానికి తనే నడిచి వెళ్ళింది.