నేల ముందా, దారబంధం ముందా

ఓవర్సీరు ఆనందయ్య సైకిలు దిగి చూస్తే తొండూరు బడి దగ్గర పని ఆగిపోయి ఉంది. పునాది మీద బేస్‌మట్టం పూర్తయి మూడు రోజులైంది. దాని మీద ఒక్క రాయి లేవలేదు. మేస్త్రి పాలయ్య సున్నం కుప్ప పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వడ్రంగి ఖలందర్ జమ్మలమడుగు నుంచి తెచ్చిన దారబంధాన్ని తుమ్మచెట్టుకు ఆనించి, దాని పక్కనే కాళ్లు చాపుకొని ఉన్నాడు. బండలు పరిచే గఫూర్ నాపరాళ్ల దొంతి మీద కూర్చుని ఆ ఇద్దరినీ చూస్తున్నాడు.

"ఏంది మేస్త్రీ, ఎందుకు ఆపినారు?"

"మేమెందుకు ఆపుతాం సారూ? నువ్వే గదా ఆపినావు," అన్నాడు పాలయ్య.

ఆనందయ్యకు ఏమీ అర్థం కాలేదు. సంచిలోంచి చార్టు తీసి బేస్‌మట్టం మీద పరిచాడు.

ఆ చార్టు ప్రొద్దుటూరు ఆఫీసులో ఇంజనీరుగారు పురమాయించినది. ఆయన హైదరాబాదు వెళ్లి కొత్త పద్ధతి నేర్చుకొచ్చారు. ఒక్కో పనికి ఒక్కో గడి గీయాలి, ఏ పని పూర్తయితేగాని ఏది మొదలుకాదో బాణాలతో కలపాలి. శనివారంలోగా చార్టు రాకపోతే తొండూరు బడి కొత్త గదులను వచ్చే ఏటికి తోసేస్తామన్నారు. గదులు లేకపోతే జూన్‌లో ఆరో తరగతి తెరవరు. అయిదు పాసైన ముప్పైమంది ఆడపిల్లల చదువు అక్కడితో సరి. "అయితాయా నాయనా?" అని హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానమ్మ అడిగితే, "తప్పకుండా టీచరమ్మా" అని మాటిచ్చేశాడు ఆనందయ్య. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు అతనే. పెద్దవాళ్లు చెప్పింది సగమే అర్థమైనా తలూపడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

సోమవారం ముగ్గురినీ వరసగా నిలబెట్టి, "నీ పని ఎవరి పని తర్వాత?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు సిరాతో రాసి, కింద సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాడు. ఇప్పుడు ఆ బాణాల మీద వేలు పెట్టి నడిపించాడు. గోడలు లేవాలంటే ముందు దారబంధం నిలబెట్టాలి. దారబంధం నిలబడాలంటే నేల పరిచి ఉండాలి. నేల పరచాలంటే పైన కప్పు పడాలి. కప్పు పడాలంటే గోడలు లేవాలి. వేలు బయలుదేరిన చోటికే వచ్చి ఆగింది.

ఎక్కడో పొరపాటు పడ్డాననుకుని ఈసారి కప్పు నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ కప్పు దగ్గరికే చేరాడు.

"గఫూరన్నా, నేల ముందే పరిస్తే ఏమైతాది?"

"కప్పు ఎక్కించేటప్పుడు పైనుంచి రాయి జారితే నా బండలన్నీ పగులుతాయి. అప్పుడు నన్నే అంటారు. నువ్వే రాసుకున్నావు గదా, కప్పు తర్వాతే గఫూరు అని."

"మేస్త్రీ, దారబంధం లేకుండా గోడ లేపలేవా?"

"లేపొచ్చు. తర్వాత దాన్ని ఇరికిచ్చేదానికి గోడ పగలగొట్టల్ల. ఎవురు పగలగొడతారు, మీ నాయనా?"

గఫూర్ నవ్వాడు. ఆనందయ్య నవ్వలేక ఖలందర్ వైపు తిరిగాడు. "నీకేందప్పా నేలతో పని? దారబంధం నిలబెట్టు."

"ఏ ఎత్తులో నిలబెట్టల్ల సార్? పోయినేడు పులివెందల్లో ఒగింటికి నిలబెట్టినా. తర్వాత బండలు పరిచినారు. తలుపు బండకు తట్టుకొని తెరుచుకోలే. తలుపు కింద కోసి పారేసినారు. తప్పెవురిదంట? ఖలందరుదంట!" అతని గొంతు పెరిగింది. "ఈసారి నేల చూసేదాకా నేను లెయ్యను."

"మరి ఈ కాగితం లేనప్పుడు ఎట్ల కట్టేవాళ్లు?"

"కట్టినాం, తిట్లూ తిన్న్యాం," అన్నాడు పాలయ్య. "నేల ఎత్తు ఓవర్సీరును అడిగేది. నోటితో చెప్పేటోడు. తేడా వస్తే, నేనెప్పుడు చెప్పినాను అనేటోడు."

ఆ మాటతో ముగ్గురూ ఆనందయ్య మొహంలోకి చూశారు. ఎందుకు చూస్తున్నారో తెలియక అతను మళ్లీ చార్టు చూసుకున్నాడు. చార్టులో పదకొండు గడులున్నాయి. మట్టి తవ్వేవాళ్ల దగ్గర్నుంచి సున్నం కొట్టేవాళ్ల దాకా అందరి పనీ ఉంది. అతని పనే లేదు. ఖలందర్‌కు కావలసింది నేల కాదు, నేల ఎంత ఎత్తుకు వస్తుందన్న మాట. ఆ మాట చెప్పాల్సింది తనే.

చెప్పాలంటే భయం వేసింది. నేల తేడా వస్తే ఈసారి ఎవరి పేరు బయటికొస్తుందో తెలుసు. గఫూర్ దొంతిలో బండలు ఒకటి అంగుళం, ఇంకోటి అంగుళమున్నర. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? అన్నిట్లోకీ మందమైనది కొలిచి, కింద పోసే సున్నం కలిపి, మూడంగుళాలని తేల్చాడు. మళ్లీ కొలిచాడు. గఫూర్‌ను అడిగాడు. "చాలు సార్, పల్చటి బండ కింద ఇంత ఎక్కువ సున్నం ఏస్తా," అన్నాడతను.

వాకిలి వచ్చే చోట ఒక రాయి నిలబెట్టించి, రసమట్టంతో మట్టం సరిచూసి, ఖలందర్ చెవి మీది పెన్సిలు తీసుకుని బేస్‌మట్టానికి మూడంగుళాల పైన అడ్డగీత గీశాడు.

"కింద సంతకం చెయ్యి సార్," అన్నాడు ఖలందర్.

"రాయి మీదనా?"

"మేము కాగితం మీద చెయ్యలేదా?"

ఆనందయ్య పూర్తి పేరు రాసి తేదీ వేశాడు. చార్టులో ఖాళీ వెతికి పన్నెండో గడి గీశాడు: "నేల ఎత్తు గుర్తు, ఆనందయ్య." నేల నుంచి దారబంధానికి వచ్చే బాణం కొట్టేసి, ఈ కొత్త గడి నుంచి ఇంకోటి గీశాడు. వేలు పెట్టి నడిపించాడు. ఈసారి వేలు తిరిగి రాలేదు, సున్నం కొట్టేవాళ్ల దాకా పోయి ఆగింది. అది సరైనదేనో కాదో నమ్మకం కుదరక ఇంకోసారి నడిపించాడు.

పాలయ్య చుట్ట ఆర్పి సున్నం కలపమని కేక వేశాడు. ఖలందర్, గఫూర్ చెరో పక్క పట్టి దారబంధాన్ని ఎత్తారు. ఆనందయ్య ప్రొద్దుటూరు బస్సు అందుకోవాలని చార్టు చుట్టుకుంటున్నాడు.

"సార్," దారబంధం మోస్తూనే పిలిచాడు ఖలందర్. "కిటికీలు ఏ ఎత్తులో?"

ఆనందయ్య చుట్టిన చార్టు మళ్లీ విప్పాడు. పదమూడో గడికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు.